శీనుకి, ఆలస్యంగా

ఒరేయ్ శీనూ,

ఉగాదికి రాస్తానని దసరా దాకా లాక్కొచ్చాను. తిట్టుకో, పడతాను. అమ్మ కంటి ఆపరేషన్ బాగానే అయింది, పెద్దోడు ఇంటర్‌లో చేరాడు, పెరట్లో మామిడి గాలికి పడిపోయింది. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

పొంతిషియాను అనే మనిషి గురించి విన్నావా? ఆగు, ముందు అంతోని సంగతి చెప్పాలి. మన గుడిలో బాలయేసుని ఎత్తుకున్న అంతోనివారు కాదురా, ఆ పాదువా ఆయన తొమ్మిది వందల ఏళ్ళ తర్వాతివాడు. ఈయనది ఈజిప్టు. ఇరవై ఏళ్ళకే అమ్మానాన్నా పోయారు. సుమారు 200 ఎకరాల మంచి భూమి, ఓ చెల్లెలు మిగిలారు. ఓ రోజు గుళ్ళోకి వెళ్ళేసరికి నీ ఆస్తి అమ్మి బీదలకివ్వు అనే వాక్యం చదువుతున్నారు. నాకే చెప్పారనుకున్నాడు. పొలాలు ఊరివాళ్ళకిచ్చేశాడు, తర్వాత ఎడారి పట్టాడు. అదే వాక్యం మనమూ ఎన్నిసార్లు విన్నాం! నువ్వయితే ఆ టైముకి బయట చెప్పుల దగ్గర... సర్లే, వదిలెయ్.

ఆయన 356లో పోయాడు. అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియు ఆయన చరిత్ర రాశాడు. ఆ పుస్తకం ఎక్కడో ఇప్పటి జర్మనీలో ఉన్న ట్రియర్ చేరింది. అక్కడ రోమా చక్రవర్తి ఆటలు చూస్తున్న ఓ మధ్యాహ్నం నలుగురు దర్బారు ఉద్యోగులు తోటల్లో షికారుకెళ్ళారు. ఇద్దరు ఓ గుడిసెలో దూరితే ఈ పుస్తకం దొరికింది. చదువుతూ చదువుతూ ఒకడు అన్నాడట: ఇంత చాకిరీ చేసి మహా అయితే చక్రవర్తికి స్నేహితులమవుతాం, దేవుడికి స్నేహితుణ్ణి కావాలంటే ఇప్పుడే కావచ్చు కదా అని. ఇద్దరూ ఉద్యోగం వదిలేశారు. వాళ్ళు పెళ్ళాడాల్సిన అమ్మాయిలు కూడా విని దేవుడికే అంకితమయ్యారు.

మిగతా ఇద్దరిలో ఒకడే మన పొంతిషియాను. పొద్దుపోయింది, పదండ్రా అని పిలవడానికొచ్చి, సంగతి విని, తమ మీద తామే జాలిపడి ఏడ్చి, మళ్ళీ దర్బారుకే పోయారు!

శీనూ, అక్కడ నా గుండె ఆగింది. అది మనమే కదరా.

తర్వాత 386లో ఈ పొంతిషియాను ఏదో పనిమీద ఇటలీలోని మిలాన్‌లో, తర్వాత పెద్ద పునీతుడైన అగస్టీన్ ఇంటికెళ్ళి ఈ కథంతా చెప్పాడు. అగస్టీన్‌ది అప్పటిదాకా నీ సిగరెట్ల వ్యవహారమే. స్వామీ, నాకు శీలం ఇవ్వు, కానీ ఇప్పుడే వద్దు అని ప్రార్థించిన ఘనుడు! మన వీధి తలుపుల మీద బొగ్గుతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారే, అదే పద్ధతి. పొంతిషియాను అటు వెళ్ళాడో లేదో అగస్టీన్ తోటలోకి పోయి జుట్టు పీక్కుని, ఎన్నాళ్ళీ రేపు రేపు అని ఏడ్చాడు. పక్కింట్లోంచి పిల్లల గొంతు: తీసి చదువు, తీసి చదువు. అంతోనికి గుళ్ళో వాక్యం తగిలినట్టే నాకూ ఇది తగిలిందనుకుని పౌలు లేఖలు తెరిచి కంటబడిన వాక్యం చదివాడు. అంతే. పక్కనున్న స్నేహితుడు అలీపియు ఆ తర్వాతి వాక్యం తనకని పట్టుకున్నాడు. మరుసటి ఈస్టరుకి ఇద్దరికీ బాప్తిస్మం.

నన్ను తొలిచేది అగస్టీన్ కాదురా. కథ చెప్పి, వచ్చిన పని చూసుకుని వెళ్ళిపోయిన ఆ మనిషి. వెనక తోటలో ఏమవుతోందో తెలియకుండా, దారిలో ఏం ఆలోచించి ఉంటాడు? ఒకవేళ

అదిగో, మంచినీళ్ళ ట్యాంకర్ హారన్. బిందెలు పెట్టకపోతే ఇంట్లో ఊరుకోరు. ఉంటా.

నీ గుండు