హోర్డ్ నైట్ లాగ్‌కు కారణం మా సెట్టింగే: ఏం మార్చాం, మీరు ఏం చేయాలి

మా దగ్గర 'సెవెన్ డేస్ టు డై' అనే జాంబీ గేమ్ సర్వర్ అద్దెకు తీసుకున్న అందరికీ,

బ్లడ్ మూన్ రాత్రి, అంటే మామూలుగా ఏడు ఆట రోజులకోసారి జాంబీల గుంపు (హోర్డ్) మీద పడే రాత్రి, ఆట ఆగి ఆగి నడుస్తోందని (లాగ్), కొట్టిన దెబ్బ ఆలస్యంగా తగులుతోందని, ఎదురుగా ఉన్న జాంబీ ఉన్నట్టుండి వెనక తేలుతోందని మీలో చాలామంది రాశారు. మొదట్లో మేం ఇచ్చిన జవాబు "మీ ఇంటర్నెట్ చూసుకోండి, లేదంటే ర్యామ్ పెంచుకోండి" అని. ఆ జవాబు తప్పు. లోపం మేం పెట్టిన సెట్టింగ్‌లో ఉంది. మా మాట నమ్మి ర్యామ్ పెంచుకున్నవాళ్లకు అదనంగా కట్టిన మొత్తం వెనక్కి జమ చేస్తున్నాం. ఎవరూ అడగాల్సిన పని లేదు.

సర్వర్ కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు అంకెలున్నాయి. బ్లడ్‌మూన్‌ఎనిమీకౌంట్ అంటే ఆ రాత్రి ఒక్కో ఆటగాడి మీదికి ఒకేసారి ఉండగలిగే జాంబీల సంఖ్య, డిఫాల్ట్ 8. మ్యాక్స్‌స్పాన్డ్‌జాంబీస్ అంటే మ్యాప్ మొత్తం మీద ఒకేసారి ఉండగలిగే సంఖ్య, డిఫాల్ట్ 64. ఎనిమిది మందికి ఎనిమిదేసి చొప్పున 64. గేమ్ చేసినవాళ్లు వేసిన లెక్క అది. గుంపు ఇంకా పెద్దగా కావాలని కొందరు అడిగితే మేం మొదటిదాన్ని 16కి, రెండోదాన్ని 128కి పెంచి అన్ని సర్వర్లకూ పెట్టేశాం.

ప్రతి జాంబీ మీ దగ్గరికి దారి వెతుక్కోవాలి. దారి లేకపోతే ఏ గోడ బలహీనంగా ఉందో చూసుకోవాలి. ఈ పనిలో ఎక్కువ భాగం సర్వర్‌లో ఒకే ప్రధాన థ్రెడ్ మీద, అంటే ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మీద, పడుతుంది. కోర్లు ఎన్ని ఉన్నా, ర్యామ్ ఎంత పోసినా, ఆ ఒక్క కోర్ వేగమే హద్దు.

మరి మొదటి వారాల్లో ఎందుకు బాగుంది? గుంపు సైజును గేమ్ స్టేజ్ కూడా అదుపు చేస్తుంది. అది మీ లెవెల్, బతికిన రోజులు, డిఫికల్టీ మీద ఆధారపడుతుంది. 7వ రోజున మీ పార్టీ గేమ్ స్టేజ్ తక్కువ కాబట్టి 16 అని రాసి ఉన్నా అంతమంది రారు. మీ లెవెల్స్ పెరిగి, రోజులు గడిచాకే ఆ 16 నిజంగా దిగుతుంది. అందుకే ఫిర్యాదులన్నీ పాత వరల్డ్‌ల నుంచే వచ్చాయి. మేం పసిగట్టాల్సిన సంగతి అది, పసిగట్టలేదు.

ఇప్పుడు అన్ని సర్వర్లలో మ్యాక్స్‌స్పాన్డ్‌జాంబీస్ మళ్లీ 64. ఎనిమిది మంది సర్వర్లకు బ్లడ్‌మూన్‌ఎనిమీకౌంట్ 8, నలుగురు ఆడేవాటికి 12, అంటే మొత్తం 48. మొదటి అంకె ఒక్కటే పెంచుకుందామని చూడకండి. మొత్తం 64 దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఒక బేస్ (ఆటగాళ్లు కట్టుకున్న స్థావరం) దగ్గర గుంపు ముందే నిండితే ఇంకో బేస్‌లో ఉన్నవాళ్లకు రాత్రంతా పలచగా వస్తారు. 'మాకు హోర్డ్ రాలేదు' అన్న ఫిర్యాదుల వెనక ఇది కూడా ఉండొచ్చు. ఆటగాడికి ఎంత దూరం దాకా చూపించాలో చెప్పే సర్వర్‌మ్యాక్స్‌అలవ్డ్‌వ్యూడిస్టెన్స్‌ను 12 నుంచి 8కి దించాం. దీని హద్దులు 6 నుంచి 12. దూరపు భవనాలు కాస్త ముతకగా కనిపిస్తాయి, అది మీరు భరించాల్సిన నష్టమే. మెమరీ భారం మాత్రం బాగా తగ్గుతుంది.

కష్టం పెరగాలి, లాగ్ పెరగకూడదు అనుకునేవాళ్లకు మా సలహా: తలకాయల సంఖ్య వదిలేసి వేగం పెంచండి. బ్లడ్ మూన్ రాత్రి జాంబీల వేగం జాంబీబీఎమ్‌మూవ్, డిఫాల్ట్ 3, అంటే స్ప్రింట్. దాన్ని 4 చేస్తే నైట్‌మేర్, అన్నిటికంటే వేగం. ఎనిమిది మంది నైట్‌మేర్ జాంబీలు పదహారు మంది మామూలువాళ్ల కంటే ఎక్కువ చెమట పట్టిస్తారు. ఆ రాత్రి జాంబీలు గోడలకు చేసే నష్టం, బ్లాక్‌డ్యామేజ్‌ఏఐబీఎమ్, 100 శాతం ఉంటుంది, దాన్నీ పెంచుకోవచ్చు. కానీ గోడలు త్వరగా కూలుతాయి, కూలడం కూడా సర్వర్‌కు బరువే.

ఆ బరువు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మీ చేతిలో ఉన్నది చాలా ఉంది. ఈ గేమ్‌లో ప్రతి బ్లాక్‌కూ బరువుంది, అది మోయగలిగే హద్దుంది. కింది స్తంభం పోతే పైదంతా లెక్క మళ్లీ వేసుకుని రాలుతుంది. రాలే ముక్కలు ఒక్కొక్కటీ విడి వస్తువులై కాసేపు సర్వర్‌ను తినేస్తాయి. పైగా గోడ విరిగిన ప్రతిసారీ జాంబీల దారులు మారిపోతాయి. నాలుగు వైపులా మూసేసిన పెట్టె లాంటి బేస్ అందుకే అన్నిటికంటే చెడ్డది: దారి లేని జాంబీలు నలుదిక్కులా బాదుతాయి. ఒక మెట్లదారి లేదా ర్యాంప్ మీ దాకా తెరిచి ఉంచండి. గుంపు అటే వరుస కడుతుంది, మీరు ఒకేచోట కొడతారు, గోడలు నిలుస్తాయి, సర్వర్ ఊపిరి పీల్చుకుంటుంది. ఆ దారి మరీ ఎత్తుగా ఉండి జాంబీలు కింద పడుతుంటే, పడ్డవి దగ్గర్లో ఉన్నదాన్ని బాదడం మొదలుపెడతాయి. అక్కడ స్తంభం ఉంచకండి. డిమాలిషర్ (ఒంటి మీద పేలుడు పదార్థం ఉన్న జాంబీ) వస్తే ఛాతీ మీది బటన్‌ను తాకకుండా తలకే గురిపెట్టండి. అది పేలితే ఒక్క దెబ్బకు బోలెడన్ని బ్లాకులు పోతాయి.

ఆ రాత్రి బైక్ మీదో గైరోకాప్టర్‌లోనో తిరిగేవాళ్లకు ఒక మనవి. మీరు దూసుకెళ్లిన కొద్దీ సర్వర్ కొత్త చంక్‌లు (మ్యాప్ ముక్కలు) లోడ్ చేస్తూ పోవాలి, ఆ భారం మిగతా ఏడుగురి మీద పడుతుంది. రాబందులు ఎలాగూ మిమ్మల్ని వదలవు. రోజు నిడివి 60 నిమిషాలు పెట్టుకుంటే 22:00 నుంచి 4:00 దాకా అసలు సమయంలో 15 నిమిషాలే. 120 పెట్టుకున్నవాళ్లకు అరగంట. అంతసేపు ఒకచోట నిలబడండి.

రీస్టార్ట్ విషయం. కాన్ఫిగ్‌లో మార్చింది సర్వర్ మళ్లీ మొదలైతేనే పనిచేస్తుంది. దయచేసి ప్యానెల్‌లో 'కిల్' నొక్కకండి. కన్సోల్‌లో సేవ్‌వరల్డ్ కొట్టి, అది పూర్తయ్యాక షట్‌డౌన్ కొట్టండి. ఫైల్ రాస్తుండగా ప్రాసెస్ చచ్చిపోతే రీజియన్ ఫైల్ (మ్యాప్‌లో ఒక భాగాన్ని దాచుకునేది) చెడుతుంది, చెడిన చోట మీరు కట్టిన ఇల్లు మాయమై నేల మొదటి రూపానికి వస్తుంది. ఇకమీద రోజువారీ బ్యాకప్‌తో పాటు ప్రతి షట్‌డౌన్ తర్వాత ఒక కాపీ తీస్తాం. ఒక్క ఆటగాడి లెవెల్, పెర్కులు (సంపాదించిన నైపుణ్యాలు) పోతే వరల్డ్ అంతా వెనక్కి తిప్పక్కర్లేదు. ప్లేయర్ ఫోల్డర్‌లో ఆ ఒక్కరి టీటీపీ ఫైల్ మారిస్తే చాలు, పక్కనే దాని బ్యాకప్ కూడా ఉంటుంది.

మీ స్థలాన్ని మిగతావాళ్ల నుంచి కాపాడే ల్యాండ్ క్లెయిమ్ గురించి కూడా: మీరు ఆటలోకి రాకపోతే అది చెల్లే గడువు డిఫాల్ట్‌గా 7 రోజులు, అవి ఆట రోజులు కావు, క్యాలెండర్ రోజులు. ఊరికి వెళ్లేవాళ్లు ముందే చెబితే పెంచుతాం.

పెద్ద వెర్షన్ వచ్చిన రోజే అప్‌డేట్ చేయడం ఆపేశాం. 2013 డిసెంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌గా (పూర్తి కాకముందే ఆడేందుకు ఇచ్చే రూపంలో) మొదలై 2024 జూలైలో 1.0కి చేరిన గేమ్ ఇది. పెద్ద మార్పు వచ్చినప్పుడు పాత వరల్డ్ సరిగా నడుస్తుందన్న భరోసా ఉండదు. మీ గుంపు అంతా ఒప్పుకున్నాకే మారుస్తాం.

ఇంకా లాగ్ కనిపిస్తే 'లాగ్ వస్తోంది' అని మాత్రమే రాయకండి. కన్సోల్‌లో కొద్ది క్షణాలకోసారి వచ్చే లైన్‌లో ఎఫ్‌పీఎస్, ప్లై, జామ్ అని అంకెలుంటాయి: సర్వర్ వేగం, ఆటగాళ్లు, జాంబీలు. మామూలు పగటిపూట ఒక లైన్, హోర్డ్ మధ్యలో ఒక లైన్ కాపీ చేసి, ఆట రోజు సంఖ్యతో కలిపి పంపండి. జాంబీల అంకె పెరిగి వేగం పడితే అది మా బాధ్యత. వేగం పడకుండా ఒక్కరికే లాగ్ ఉంటే ఆ ఒక్కరి కనెక్షన్ కలిసి చూద్దాం.