కెమెరా ఎప్పుడూ గోడవైపేనా?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ ఆదివారం సంచికలో నలుగురు కూర్చుని, తలా ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపించే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట ఆడేవాళ్ల మీద వచ్చిన డాక్యుమెంటరీల గురించి రాశారు. చదివిన దగ్గర్నుంచి మనసు కుదుటపడలేదు. నేను ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఈ ఆట ఆడుతున్నాను.

1979లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి ఒకతను ఈ ఆట పిచ్చిలో సొరంగాల్లో తప్పిపోయాడని మీరూ రాసేశారు. అప్పట్లో అమెరికా పత్రికలు అలాగే హోరెత్తించాయి. నెల రోజులకు అతను దొరికాడు. అతని బాధలు వేరు, ఆటతో సంబంధం లేదు. వెతికిన ప్రైవేటు డిటెక్టివే 1984లో తన పుస్తకంలో ఆ మాట ఒప్పుకున్నాడు. అయినా 1985లో అమెరికా టీవీ చానల్ సీబీఎస్ వారి '60 మినిట్స్' కార్యక్రమం ఈ ఆటను ఆత్మహత్యలతో ముడిపెట్టింది. అప్పుడు భయపెట్టారు, ఇప్పటి డాక్యుమెంటరీల్లో జాలి పడుతున్నారు. చిందరవందర గది, వింత వేషం, పెళ్లెందుకు కాలేదన్న ప్రశ్న. ఆట మాత్రం ఎక్కడా కనపడదు.

మా దగ్గరికీ ఒక చానల్ వాళ్లు వచ్చారు. లైట్లు ఆర్పమన్నారు, ఎవరైనా నల్ల ముసుగు వేసుకోమన్నారు. మేం టీషర్టుల్లో సమోసాలు తింటూ ఆడుకుంటున్నాం. ఆ రోజే, ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడొకడు కథలో వంతెన కాపలావాడితో పావుగంట బేరమాడాడు. ఇరవై ముఖాల పాచికను గుప్పిట్లో పట్టుకుని కాసేపు ఆగి, వేశాడు. ఇరవైకి పంతొమ్మిది! అందరం ఒక్కసారిగా లేచి అరిచాం. కెమెరా అప్పుడు గోడమీది డ్రాగన్ బొమ్మను తీస్తోంది. టీవీలో వచ్చిన నాలుగు నిమిషాల్లో ఆ బొమ్మ మూడుసార్లు కనిపించింది, ఆ కుర్రాడు ఒక్కసారీ లేడు.

అరుగుమీద సుద్దతో గళ్లు గీసి, గవ్వలతో అష్టాచెమ్మా ఆడిన మా అమ్మమ్మను ఎవరూ వింతగా చూడలేదు. గవ్వ పోయి పాచిక వస్తే మేం వింతవాళ్లం ఎలా అయ్యాం?

పోనీ, నలుగురం కూర్చోవడానికి చోటుందా? ఆదివారం రెండు గంటలు కమ్యూనిటీ హాలు ఇమ్మంటే, హాలు నడిపేవాళ్లు జూదమా అన్నారు. రూల్స్ పుస్తకం చూపించినా రెండు నెలలు తిప్పించుకున్నారు. పిల్లలు ఫోన్లు వదలట్లేదని మీటింగులు పెట్టేదీ వాళ్లే.

1979 నాటి ఆ సంగతికి సవరణ వేయండి. వ్యాసం వచ్చిన పేజీలోనే, అందరికీ కనపడేలా వేయండి.

– ఒక పాఠకుడు, నాచారం, హైదరాబాద్