లెటర్‌హెడ్ కాగితం ఉంటేనే పని చేసినట్టా?

సంపాదకులకు నమస్కారం.

ఈ నెల మొదట్లో మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వేశారు. కొందరు ఇంజినీరింగ్ విద్యార్థులు డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లకు పోర్ట్ చేసే, అంటే వాటిమీద నడిచేలా మార్చే పనిలో పాలుపంచుకుంటున్నారని. వేసినందుకు సంతోషం. అయితే ఆ పనికి కాలేజీలో ఏ గతి పట్టిందో అందులో రాలేదు. ఆ పిల్లల్లో ఒకరు నా మేనకోడలు కాబట్టి నాకు తెలుసు.

రిస్క్-ఫైవ్ అంటే ప్రాసెసర్ ఏయే ఆదేశాలను అర్థం చేసుకోవాలో చెప్పే ఒక నమూనా. 2010లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో పుట్టింది. లైసెన్సు ఫీజు కట్టకుండా ఎవరైనా దాని ఆధారంగా చిప్ తయారు చేసుకోవచ్చు. మద్రాసు ఐఐటీ వారి శక్తి, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి వేగా ప్రాసెసర్లు దానిమీద వచ్చినవే. 2022లో కేంద్రం డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్ అని ఒక కార్యక్రమమే పెట్టింది. చిప్ ఉంటే సరిపోతుందా? డెబియన్‌లోని వేలాది ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాములు, దానికోసం మళ్లీ కంపైల్ కావాలి, ఆ చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి మారాలి, కానివాటిని ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి. ఏళ్ల తరబడి వాలంటీర్లు అలా చేశారు కనుకనే 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో మొదటిసారి దానికి అధికారికంగా చోటు దక్కింది.

మా మేనకోడలికి తగిలిన ఒక చిక్కు చెబుతాను. ఒక పాత సీ ప్రోగ్రాం ఇంటెల్ మీద బాగానే నడుస్తుంది, రిస్క్-ఫైవ్ మీద మాత్రం ఆగదు. ఫైలులోంచి ఒక్కో అక్షరం చదువుతూ, ఫైలు అయిపోయిందని చెప్పే -1 కోసం చూస్తుంది. చదివినదాన్ని దాచుకునేది క్యార్ అనే చిన్న రకం వేరియబుల్‌లో. లినక్స్‌లో ఇంటెల్ మీద క్యార్‌కు రుణ సంఖ్య పడుతుంది, రిస్క్-ఫైవ్ మీద పట్టదు. -1 కాస్తా 255 అయిపోతుంది, లూప్ తిరుగుతూనే ఉంటుంది. క్యార్ తీసి, రుణ సంఖ్యలు పట్టే ఇంట్ అనే రకం పెడితే చాలు. కానీ ఆ ఒక్క మాట దగ్గరికి చేరడానికి, రిస్క్-ఫైవ్ బోర్డు కొనే స్తోమత లేక, మామూలు కంప్యూటర్‌లోనే ఆ చిప్‌ను అనుకరించే క్యూఈఎంయూ ఎమ్యులేటర్ పెట్టుకుని రాత్రుళ్లు కూర్చుంది. ఆ సవరణను ప్యాచ్‌గా పంపితే ప్రోగ్రాం నిర్వాహకుడు, తప్పు పోయిందని చూపే టెస్ట్ ఏదని తిప్పి పంపాడు. టెస్ట్ రాసి పంపాక చేర్చుకున్నాడు. ఆ ప్రశ్నలూ జవాబులూ తేదీలతో సహా ఎవరైనా చూసుకోవచ్చు.

కాలేజీ వారు చూడలేదు. ఇంటర్న్‌షిప్ సమీక్షలో వాళ్లు అడిగింది రెండే: కంపెనీ పేరేమిటి, లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ ఎక్కడ? లేదంటే ఇది లెక్కలోకి రాదన్నారు. అదే సెక్షన్‌లో డబ్బు కట్టి, ఒక్క రోజు కూడా వెళ్లకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్నవారికి మార్కులు పడ్డాయి. ఫైనలియర్ ప్రాజెక్టులు రిపోర్టుతో, పీపీటీతో సహా అమీర్‌పేటలో దొరుకుతాయని ఇంజినీరింగ్ పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. యూనివర్సిటీ అధికారులు ఇన్నేళ్లుగా ఏం చేస్తున్నారు? తనిఖీకి వచ్చినవారు ల్యాబ్‌లో కంప్యూటర్లు లెక్కపెట్టుకుని పోతారు, వాటిమీద పిల్లలు ఏం చేస్తున్నారని అడిగినవారు లేరు. ఇదే పని, ఇలాంటి ప్రాజెక్టులకు కోడ్ రాసేవారికి గూగుల్ డబ్బిచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద చేసి స్టైపెండ్ తెచ్చుకుంటే మాత్రం గేటు ముందు ఫ్లెక్సీ కడతారు.

మార్కులిస్తే పిల్లలు చెత్త పంపుతారని ఒక అధ్యాపకుడు నాతోనే అన్నారు. ఆ భయం ఉత్తది కాదు. 2020 అక్టోబరులో, ఇలాంటి ప్రాజెక్టులకు సవరణలు పంపినవారికి టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఆ టీషర్టు కోసం ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైలులో ఒక మాట అటూ ఇటూ మార్చి పంపినవారి తాకిడికి ప్రాజెక్టులవాళ్లు గగ్గోలు పెడితే, నిర్వాహకులు మధ్యలోనే నిబంధన మార్చుకోవాల్సి వచ్చింది. అందులో మన దేశపు పిల్లలూ ఉన్నారు. అందుకే పంపినవి కాదు, సమీక్ష దాటి చేరినవే లెక్కించమంటున్నాను. వాటిని చదివి ప్రశ్న వేయగల అధ్యాపకులు కావాలి. ఖాళీలు నింపకుండా చాలీచాలని జీతాలతో నెట్టుకొస్తుంటే ఆ చదివేది ఎవరు?

ఇలా సమీక్ష దాటి ప్రాజెక్టులో విలీనమైన కోడ్‌ను ఇంటర్న్‌షిప్‌గానో ప్రాజెక్టుగానో పరిగణించవచ్చని యూనివర్సిటీ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ఈ పిల్లలకు తుది సమీక్ష వచ్చే నెలలోనే ఉంది. ఆలోగా రిజిస్ట్రార్ గారిని మీ విలేకరి అడిగి, ఏమన్నారో అదే పేజీలో వేయాలని కోరుతున్నాను.

— విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు, తెనాలి