కాటమరాన్ వేగం తెరచాపలో మాత్రమే లేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో తెరచాప పడవల మీద వచ్చిన వ్యాసం చదివాను. మన భాషలో ఈ క్రీడ గురించి రాసేవారు చాలా తక్కువ కనుక, అలాంటి వ్యాసానికి చోటిచ్చినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే అందులో కాటమరాన్‌ల గురించిన భాగం, జంట హల్‌లు, అంటే పక్కపక్కన ఉండే రెండు పడవ దేహాలు, పడవను నిలబెడతాయని, పెద్ద తెరచాప దాన్ని లాక్కుపోతుందని రెండు మాటల్లో తేల్చేసింది. నీటి అడుగున పనిచేసే డాగర్‌బోర్డుల, అంటే హల్‌లోంచి నీటిలోకి దింపే పలకల ప్రస్తావన అందులో ఎక్కడా లేదు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్, లేజర్ పడవల మీద శిక్షణ పొందుతున్న పిల్లలు మొదటి రోజునుంచే డాగర్‌బోర్డును చేత్తో దింపుతూ, ఎత్తుతూ ఉంటారు. వారిలో కొందరైనా రేపు కాటమరాన్ ఎక్కుతారు. వారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ విషయాన్ని కొంత వివరంగా రాయడం అవసరమనిపించింది.

పడవ గాలికి ఎదురుగా, అంటే గాలి వచ్చే దిశకు వీలైనంత దగ్గరగా వెళ్తున్నప్పుడు తెరచాప పుట్టించే బలంలో ఎక్కువ భాగం పడవను ముందుకు కాక పక్కకు నెడుతుంది. ముందుకు నడిపించేది అందులో కొంత భాగమే. ఆ పక్క ఒత్తిడిని నీటిలో ఏదో ఒకటి అడ్డుకోకపోతే పడవ గాలివాటుకు కొట్టుకుపోవడం తప్ప ముందుకు సాగదు. దారం ఉన్నంతసేపే గాలిపటం గాలిని ఎదిరించి పైకి లేస్తుంది, దారం తెగితే గాలి ఎటు తోస్తే అటు పోతుంది. తెరచాపకు డాగర్‌బోర్డు ఆ దారంలాంటిది. హల్‌లోని గాడిలోంచి నిలువుగా నీటిలోకి దిగే ఈ పలక, విమానపు రెక్కలా రెండు వైపులా నునుపుగా వంపు తిరిగి ఉంటుంది. లోతుగా, సన్నగా ఉన్న పలక తక్కువ నిరోధంతో ఎక్కువ పట్టునిస్తుంది.

పడవ ముక్కు చూపే దిశకూ, పడవ నిజంగా కదిలే దిశకూ మధ్య ఉండే తేడానే నావికులు లీవే అంటారు. దీన్ని పూర్తిగా సున్నా చేయాలని కొత్తవారు ఆశపడతారు కానీ మామూలు డాగర్‌బోర్డుతో అది సాధ్యం కాదు. రెండు వైపులా ఒకే వంపు ఉన్న పలక నీటిని కొంచెం ఏటవాలుగా కోస్తేనే గాలికి ఎగువ వైపు, అంటే గాలి వచ్చే వైపుకు, బలం పుట్టిస్తుంది, ఆ ఏటవాలు కోణమే లీవే. కాబట్టి ఆ కోణాన్ని తక్కువలో నిలపడమే మనం చేయగలిగిన పని. 5 డిగ్రీల లీవే చూడటానికి చిన్నదే అయినా, 10 నాటికల్ మైళ్లు సాగేసరికి పడవను అనుకున్న గీతనుంచి దాదాపు 0.87 నాటికల్ మైలు, అంటే సుమారు 1.6 కిలోమీటర్లు పక్కకు తీసుకుపోతుంది. సముద్రంలో ప్రవాహం కూడా కలిసి లెక్క గందరగోళమవుతుంది కనుక, దిక్సూచికీ జీపీఎస్‌కీ మధ్య తేడాను మాత్రమే చూసి లీవే ఇంత అని చెప్పలేం. వెనక్కి తిరిగి, పడవ వదిలిన నీటి చార పడవ నడిగీతతో ఎంత కోణం చేస్తోందో చూస్తే ప్రవాహంతో సంబంధం లేకుండా లీవే కనిపిస్తుంది.

పలక పుట్టించే బలం నీటిలో దాని వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుంది, అంటే అదే పక్క ఒత్తిడిని తట్టుకోవడానికి నాలుగో వంతు కోణం చాలు. కాటమరాన్ నడిపేవారు మొదట ఒంటపట్టించుకోవలసిన సూత్రం ఇదేనని నా గట్టి అభిప్రాయం. కాటమరాన్ తేలికైన పడవ కనుక ట్యాక్ చేసేటప్పుడు, అంటే ముక్కును గాలి మీదుగా రెండో వైపుకు తిప్పేటప్పుడు, బరువైన ఒంటి హల్ పడవకు మిగిలేంత ఊపు దానికి మిగలదు. తిరిగిన వెంటనే ముక్కును గాలికి మరీ దగ్గరగా పెట్టి, తెరచాపను బిగించి లాగితే, వేగం లేని పలక పట్టు తప్పుతుంది, పడవ ముందుకు పోతున్నట్టే కనిపిస్తూ పక్కకు జారుతుంది. ముక్కును కాస్త గాలికి దిగువకు వదిలి, తెరచాపను కొంచెం సడలించి, వేగం అందిన తర్వాతే క్రమంగా గాలికి దగ్గరవ్వాలి. ముక్కు గాలికి ఎంత దగ్గరగా చూపుతోందో చూసి మురిసిపోయేవారికి ఈ సహనం అలవడటం కష్టం.

ఇక్కడే తెరచాప సవరణ ప్రశ్న వస్తుంది. చాపను అవసరానికి మించి లాగితే దిగువ వైపు గాలి ఉపరితలాన్ని అంటిపెట్టుకోకుండా విడిపోతుంది. ముందుకు నడిపే బలం తగ్గి, వెనక్కి లాగే నిరోధం పెరుగుతుంది, పక్క ఒత్తిడి మాత్రం మిగిలే ఉంటుంది. వేగం పడిపోగానే డాగర్‌బోర్డుకు ఎక్కువ కోణం కావలసి వస్తుంది, లీవే పెరుగుతుంది, దాన్ని సరిచేద్దామని చుక్కానిని అతిగా తిప్పితే ఇంకా వేగం పోతుంది. చాపను బిగించినందువల్ల వచ్చిన నష్టాన్ని నీటి కింద వెతకడం, పలక సరిగా దిగకపోవడం వల్ల వచ్చిన నష్టాన్ని చాపలో వెతకడం చాలామంది చేసే పనే, ఎందుకంటే రెండు చోట్లా కనిపించే లక్షణం ఒకటే.

చాపకు అతికించిన నూలు పోగులను, అంటే టెల్‌టేల్స్‌ను, కళ్లార్పకుండా గమనించాలి. ముందు చాపలో గాలికి ఎగువ వైపు పోగు ఎగిరెగిరి పడుతుంటే చాపను కొంచెం లాగాలి, లేదా ముక్కును దిగువకు తిప్పాలి. దిగువ వైపు పోగు చెదిరితే చాపను సడలించాలి, లేదా గాలికి ఎగబాకాలి. పెద్ద తెరచాపలో మెయిన్‌షీట్ తాడు చాప వెనుక అంచును కిందికి లాగి, పైభాగం ఎంత మెలితిరగాలో నిర్ణయిస్తుంది, ఆ తాడు పట్టును పడవకు అడ్డంగా జరిపే పట్టా, అంటే ట్రావెలర్, మొత్తం చాప కోణాన్ని మారుస్తుంది. కాటమరాన్ వెడల్పు ఎక్కువ కాబట్టి ట్రావెలర్ కూడా పొడవుగా ఉంటుంది. గాలి ఉధృతి వచ్చినప్పుడు చాప ఆకారం చెడకుండా ట్రావెలర్‌ను దిగువకు వదలగలగడం ఈ పడవలకున్న గొప్ప సౌకర్యం.

వేగం పెరిగేకొద్దీ పడవ మీద ఉన్నవారికి తగిలే గాలి దిశ కూడా మారుతుందన్న సంగతి మీ వ్యాసంలో లేదు. నిజమైన గాలి 12 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగంతో సరిగ్గా పక్కనుంచి వీస్తూ, పడవ 9 నాట్లతో వెళ్తుంటే, తెరచాపకు తగిలే గాలి 15 నాట్లు ఉంటుంది, అది ముక్కుకు 53 డిగ్రీల కోణంలో ముందునుంచే వస్తుంది. పక్క గాలే కదా అని చాపను బాగా వదిలేస్తే అది రెపరెపలాడి పడవ నెమ్మదిస్తుంది. వేగవంతమైన కాటమరాన్‌లు గాలి వాలుకు, అంటే గాలి వీచే వైపుకు, పోయేటప్పుడు కూడా సూటిగా పోక, అటూ ఇటూ వంకర మార్గంలో చాపలు బిగించి సాగడానికి కారణం ఇదే.

అన్ని కాటమరాన్‌లకూ డాగర్‌బోర్డులు ఉండవు. ప్రపంచమంతటా తీరాల్లో కనిపించే హోబీ 16కు పలకలే లేవు. దాని హల్‌లు వెలుపలి వైపు బల్లపరుపుగా, లోపలి వైపు వంపుగా ఉండి, గాలికి దిగువ వైపున్న హల్ తానే పలక పని చేస్తుంది. అందుకే దాన్ని ఇసుక మీదికి నేరుగా ఎక్కించవచ్చు, కానీ గాలికి ఎదురుగా వెళ్లడంలో అది లోతైన పలకలున్న పడవలకు సాటిరాదు. అద్దెకిచ్చే పెద్ద విహార కాటమరాన్‌లలో చాలావాటికి హల్ అడుగున పొట్టి, స్థిరమైన రెక్కలు, అంటే కీల్‌లే ఉంటాయి. పలక గాడి గదుల్లో చోటు ఆక్రమిస్తుంది, పైగా నేల తగిలితే గాడి దగ్గర హల్ దెబ్బతినే ప్రమాదముంది, కాబట్టి ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. మరోవైపు, 2016 రియో ఒలింపిక్స్‌లో ప్రవేశించిన నాక్రా 17 కాటమరాన్ వంపు తిరిగిన పలకలతో వచ్చి, టోక్యో క్రీడలనాటికి పూర్తిగా నీటిపైకి లేచే పడవగా మారింది. పలకలే పడవను పైకెత్తే అదే సూత్రం 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికాస్ కప్ పడవ పందెంలో 72 అడుగుల కాటమరాన్‌లను నీటి నుంచి ఎత్తి, 40 నాట్లకు మించిన వేగంతో పరుగెత్తించింది. నాడు అందరి చూపూ ఆకాశాన్నంటే రెక్క తెరచాప మీదే ఉంది కానీ, ఆ పడవలను ఎత్తింది నీటిలోని ఎల్ ఆకారపు పలకలే.

పలకలను ఎప్పుడు ఎంత దింపాలన్న విషయంలో నేను జాగ్రత్త వైపే ఉంటాను. మామూలు గాలిలో ఎదురు ప్రయాణానికి గాలికి దిగువ వైపు హల్ పలకను పూర్తిగా దింపడం, గాలి వాలు ప్రయాణంలో రెండింటినీ దాదాపు పూర్తిగా ఎత్తి నీటి నిరోధం తగ్గించడం సాధారణ పద్ధతి. కానీ పెనుగాలిలో, పక్కనుంచి పెద్ద అలలు కొడుతున్నప్పుడు, దిగువ పలక నిండా దిగి ఉంటే పడవ పక్కకు జారలేక ఆ పలక మీదే తట్టుకుని బోల్తా పడవచ్చు. ఆ పరిస్థితిలో లీవే శత్రువు కాదు, కాస్త జారనివ్వడమే రక్షణ. ఎగువ పలకను మాత్రమే కొంత దింపి ఉంచితే, ఆ హల్ లేచినప్పుడు పలక కూడా నీటి పట్టు వదిలి పడవను జారనిస్తుంది. బరువైన కీల్ ఉన్న ఒంటి హల్ పడవ ఒరుగుతూ ముందే హెచ్చరిస్తుంది. కాటమరాన్ ఎగువ హల్ నీటిని వదిలిన క్షణంలోనే దాని నిలకడ బలం గరిష్ఠానికి చేరి, ఆపైన తగ్గడం మొదలవుతుంది. అందుచేత ఎంత ఒరిగిందో చూసి కాక, గాలి వేగాన్ని చూసి ముందుగానే తెరచాపను కుదించుకోవాలి.

మన కోస్తా తీరంలో మరో సంగతి ఉంది. తీరం వెంట పరిచిన వలల తాళ్లు, బెండ్లు లోతుగా దిగిన పలకకు, చుక్కానికి చిక్కుకుంటాయి. వల నష్టం జాలరిది కనుక, పడవ నడిపేవారు వలలున్న చోట వేగాన్ని వదులుకునైనా పలకలు ఎత్తి, దూరంగా చుట్టి వెళ్లాలి. తెప్పల మీద తెరచాప ఎత్తి సముద్రంలోకి వెళ్లిన తరాల జాలరులు పక్కన పలక దింపి గాలి తోపును ఎలా తట్టుకున్నారో తెలిసిన పెద్దలు తీరగ్రామాల్లో ఇంకా ఉన్నారు. మీ విలేఖరులు వారి దగ్గర కూర్చుని ఆ వివరాలు రాబట్టగలిగితే ఆ వ్యాసాన్ని నేను భద్రంగా దాచుకుంటాను.

చివరిగా ఒక విన్నపం. ఇకముందు ఈ క్రీడ మీద రాసేటప్పుడు, గాలి వచ్చే దిశను, పడవ ముక్కు చూపే దిశను, పడవ నిజంగా కదిలే దిశను మూడు వేర్వేరు బాణాలతో చూపే ఒక బొమ్మను వ్యాసం పక్కన వేయించండి. అందులో రెండు హల్‌ల కింద పలకలు ఎంతవరకు దిగి ఉన్నాయో కూడా గీయించండి.

భవదీయుడు,
తెరచాప పడవల శిక్షకుడు,
విశాఖపట్నం