ముందు లావు టైరు, వెనక సన్నం

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. అమ్మా నాన్నా కులాసాగా ఉన్నారని తెలిసి మనసు కుదుటపడింది. సైకిల్‌కి ముందు 32 మి.మీ. వెడల్పు టైరు వేసి, వెనక ఇప్పుడున్న 28నే ఉంచుకోవచ్చా అని అడిగావు. నిక్షేపంగా వేసుకోవచ్చు. ఇక్కడ ఆఫీసుకు వెళ్లే నా సైకిల్‌కీ అలాగే వేశాను. తడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు హ్యాండిల్ చాలా నిబ్బరంగా ఉంటోంది.

వెనక చక్రం జారితే సైకిల్ తోక ఊపినట్టు పక్కకి కదులుతుంది, చాలాసార్లు సర్దుకోగలం. ముందుది జారిందా, సర్దుకునేలోపే కింద పడతాం. గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు బరువు వచ్చి పడేదీ ముందు చక్రం మీదే. అందుకే ముందు పట్టు ఎక్కువ ఉండాలంటాను. పైగా గతుకుల దెబ్బ మణికట్లకి తగిలేది అక్కణ్ణుంచే. మోటార్ సైకిల్‌కి వెనక టైరే లావు కదా అంటావేమో, అక్కడ ఇంజన్ బలాన్నంతా రోడ్డుకి అందించేది వెనక టైరు. మన కాళ్ల బలానికి అంత అవసరం లేదు.

వెనకే లావు వేసేవాళ్లూ ఉన్నారు. మన బరువులో 55–60 శాతం వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి అందులోనూ న్యాయముంది. రేసుల్లో కొందరు గాలిని తేలిగ్గా చీల్చడానికి ముందు 23, వెనక 25 వేసేవాళ్లు. నీకు కావాల్సింది వేగం కాదు, భద్రత.

కొనేముందు టైరు పక్కన అచ్చేసిన అంకెలు చూడు. 28-622 అని ఉంటే, 28 వెడల్పు, 622 రిమ్ మీద టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఆ రెండో అంకె మాత్రం మారకూడదు. వెడల్పు పెరిగితే ఎత్తూ పెరుగుతుంది. అందుకని టైరుకీ ఫోర్క్‌కీ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లకీ) మధ్య రెండు పక్కలా, పైన బ్రేక్ కిందా, మడ్‌గార్డ్ ఉంటే దాని కిందా కనీసం 4 మి.మీ. ఖాళీ ఉందో లేదో చూసుకో. పై ఖాళీ సంగతే చాలామంది మర్చిపోతారు. స్పీడు మీటర్ సెన్సర్ ముందు చక్రానికుంటే కొలత మార్చు, చుట్టుకొలత సుమారు 25 మి.మీ. పెరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం గాలి. రెండింటికీ ఒకేలా కొట్టావంటే లావు టైరు వేసిన లాభమే ఉండదు, ముందుది రాయిలా గట్టిగా ఉండి ఎగిరెగిరి పడుతుంది. నీ బరువు 65 కిలోలే కాబట్టి వెనక 75, ముందు 50 పీఎస్ఐ (పంపు మీటర్‌లో కనిపించే గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టు. ముందుది ఇంకా గట్టిగా అనిపిస్తే కొంచెం కొంచెంగా తగ్గించు. గతుకులో రిమ్ ఠక్కుమని తగిలితే మాత్రం తగ్గించింది ఎక్కువైనట్టే, ట్యూబ్ నలిగి పంక్చరవుతుంది. టైరు మీద రాసిన హద్దు ఎప్పుడూ దాటకు.

28కీ 32కీ పనికొచ్చే ట్యూబ్ ఒకటే దొరుకుతుంది, స్పేర్ గురించి టెన్షన్ లేదు. ఒక్కటే నష్టం. వెనక టైరు తొందరగా అరుగుతుంది. రెండూ ఒకే కొలతైతే ముందుదాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందు వేసుకునేవాళ్లం. నీ ఫ్రేమ్‌లో వెనక 32 పట్టదన్నావు కాబట్టి ఆ వీలుండదు. వెనక్కి విడిగా ఇంకో 28 తెచ్చి ఉంచుకో.

బిగించాక ఫోర్క్ దగ్గర ఫోటో తీసి పంపు, ఖాళీ సరిపోయిందో లేదో నేనూ చూస్తాను.

ప్రేమతో,
అక్క