హయత్‌నగర్ నుంచి యాదగిరికి

ఒరేయ్ యాదగిరీ,

నీకు నాంపల్లికి బదిలీ అయిందని తెలిసి నీకంటే నాకే ఎక్కువ సంబరమైంది. ఖమ్మంలో పది నిమిషాల్లో ఆఫీసు చేరేవాణ్ణి, హయత్‌నగర్‌లో ఇల్లు తీసుకుని రోజూ కారులో తిరగగలనా అని అడిగావు. తిరగొచ్చురా. కానీ ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కొలవకు. మా ఇంటి నుంచి కోఠికి 17, 18 కిలోమీటర్లు. ఏడింటికి బండి తీస్తే ముప్పావు గంట, ఎనిమిదిన్నరకు తీస్తే గంటన్నర. అందుకే మా ఇంట్లో పొద్దున అన్నీ ఏడింటి చుట్టూనే తిరుగుతాయి. టిఫిన్ కూడా డబ్బాలోనే.

మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన రోడ్డే కదా. సూర్యాపేటలో బస్సెక్కితే హయత్‌నగర్ రాగానే పట్నం వచ్చేసిందని సంచులు సర్దుకునేవాళ్లం. ఇప్పుడు అసలు ప్రయాణం అక్కడే మొదలవుతోంది. హరిణ వనస్థలి చెట్లు దాటేదాకా హాయిగా ఉంటుంది. సుష్మా, పనామా కూడళ్ల దగ్గర మనవైపు నుంచి వచ్చే బస్సులు, ఆటోలు కలుస్తాయి. చింతలకుంటలో, ఎల్బీ నగర్‌లో అండర్‌పాస్‌లు, ఫ్లైఓవర్లు వచ్చాక ఆ రెండు చోట్లా చాలా సుఖమైంది. వాటిమీద మిగిలిన టైమంతా కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ తినేస్తాయి. నడుమ మెట్రో పిల్లర్లు, పక్కన దుకాణాలకు వచ్చినవాళ్ల బండ్లు, సిటీ బస్సు ఆగితే దాని వెనక మనమంతా ఆగాల్సిందే. ఆ తర్వాత మలక్‌పేట రైల్వే వంతెన. ఇంత ట్రాఫిక్కూ వెళ్లి ఆ వంతెన కింద దూరాలి. గట్టి వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి. ఆకాశం నల్లబడితే మాత్రం ఆ రోజు కారు తియ్యకు, నా మాట విను.

మరి ఎల్బీ నగర్ నుంచి మెట్రో ఉందిగా అంటావు. ఉంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట దాకా మొదలైంది. ఎల్బీ నగర్‌లో ఎక్కితే నీ నాంపల్లి పదో స్టేషన్. నీకు నేను చెప్పేది కూడా అదే: ఎల్బీ నగర్ దాకా కారు, అక్కడి నుంచి రైలు. స్టేషన్ దగ్గరి కాలనీలోనే మా బావగారి ఇల్లు, కారు వాళ్ల గేటు ముందు పెట్టుకోవచ్చు, నేను మాట్లాడతాను. పెట్రోలు లీటరు 100 దాటి ఎన్నేళ్లయింది! ఒక్కడివే నాలుగు సీట్ల బండిని నాంపల్లి దాకా లాక్కెళ్లి, అక్కడ పార్కింగ్ కోసం సందులన్నీ తిరగడం ఎందుకురా?

నేను మాత్రం కోఠి దాకా కారులోనే వెళ్తున్నాను. కారణం మా పెద్దమ్మాయి. కోఠి ఉమెన్స్ కాలేజీలో చదువుతోంది, ఇప్పుడా కాలేజీ చాకలి ఐలమ్మ పేరున్న యూనివర్సిటీ. ఇంట్లో దాని గది దానిది, ఫోను దానిది. కారెక్కి కూర్చుంటే మాత్రం, చైతన్యపురి వచ్చేసరికి నోరు విప్పుతుంది. లెక్చరర్ల సంగతులు, స్నేహితురాలి పెళ్లి సంబంధం, పీజీకి ఎక్కడికి వెళ్లాలన్న ఆలోచన, అన్నీ మలక్‌పేట జామ్‌లోనే విన్నాను. ఎదురుగా కూర్చుని మొహంలో మొహం పెట్టి అడిగితే చెప్పని మాటలు, ఇద్దరం ముందున్న బస్సును చూస్తూ ఉంటే వాటంతటవే వస్తాయి. అది కోఠిలో దిగాక నాకు ఆఫీసు అయిదు నిమిషాలే. ఆ గంట కోసం ఎంత పెట్రోలైనా పోస్తాను.

కొన్ని ముందే తెలుసుకో. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్. సాయంత్రం ఆరు దాటాక గాంధీభవన్ వైపు కారు కదలదు, ఆ నెలన్నరా నువ్వు రైల్లోనే తిరుగు. సంక్రాంతి ముందు రెండు రోజులు సాయంత్రం ఎల్బీ నగర్ దాటాలంటే ఓపిక కావాలి. సగం నగరం విజయవాడ హైవే మీది పంతంగి టోల్ వైపే పోతుంటుంది. ఇక కొత్త కారు కొంటానన్నావు కాబట్టి, ఆటోమేటిక్ తీసుకో. ఈ రోడ్డు మీద క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోతుంది.

హయత్‌నగర్ దాకా మెట్రో పొడిగిస్తే ఈ బాధలు సగం తీరతాయి. రెండో దశ ప్రతిపాదనలో 7.1 కిలోమీటర్లు ఉంది. పొద్దున్నే ఆటోల్లో వేలాడుతూ ఎల్బీ నగర్ చేరే పిల్లల్ని చూస్తే, అది మనలాంటి కార్లవాళ్లకంటే ముందు వాళ్లకు రావాలనిపిస్తుంది. ఆ ఏడు కిలోమీటర్ల కోసమే ఇక్కడ ఎంతోమంది అప్పు చేసి బండ్లు కొంటున్నారు.

మా వీధిలో రెండు పడకగదుల పోర్షన్ ఈ నెలాఖరుకు ఖాళీ అవుతోంది. మంజీరా నీళ్లు కాదుగానీ కృష్ణా నీళ్లు వస్తాయి, కారు పెట్టుకోను జాగా ఉంది. ఇంటి ఓనరుకు నీ పేరు చెప్పి ఉంచాను. చెల్లెమ్మను తీసుకుని ఆదివారం రా. ఊరికే ఇల్లు చూసి పోవడం కాదు, రాత్రికి ఉండిపో. సోమవారం ఏడింటికి మాతోపాటు కారెక్కి ఆఫీసు దాకా చూసుకుందువుగాని. వచ్చేదీ లేనిదీ శుక్రవారంలోగా చెప్పు, ఓనరు ఇంకెవరికో ఇచ్చేస్తాడు.

నీ
నర్సింహ