పేరు తేడా సాకుతో మైళ్లు ఆపేసిన విషయమై ఫిర్యాదు

బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా
సెప్టెంబర్ 22

సభ్యుల సేవా విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

ఆరేళ్లుగా మీ మైలేజ్ ప్రోగ్రామ్‌లో సభ్యుణ్ని. మాది పట్టుచీరల వ్యాపారం. సరుకు పని మీద చెన్నై, బెంగళూరు వెళ్లిన ప్రతిసారీ మీ విమానమే ఎక్కి, టికెట్లకు వాడుకునే మీ పాయింట్లు, అదే 84,000 మైళ్లు కూడబెట్టాను. ఈ డిసెంబర్‌లో అమ్మనీ, మా ఆవిడనీ తీసుకుని నాలుగు ఊళ్లు చూసి రావాలనుకున్నాను. కోల్‌కతా నుంచి బ్యాంకాక్ వెళ్లడానికీ, సింగపూర్ నుంచి తిరిగి రావడానికీ మీ మైళ్లు. మధ్యలో సియామ్ రీప్‌కీ, కౌలాలంపూర్‌కీ డబ్బు పెట్టి కొన్న టికెట్లు. అక్కడి నుంచి సింగపూర్‌కి బస్సు.

కొట్లో పాత బిల్లు పుస్తకం వెనక పేజీల్లో రెండు నెలలు కూర్చుని వేసిన ప్లాన్ ఇది. సియామ్ రీప్‌లోని ఆంకోర్ వాట్ గుడి కట్టింది విష్ణుమూర్తికే అని తెలిసిన దగ్గర్నుంచీ అమ్మ రోజూ దాని గురించే అడుగుతోంది. కౌలాలంపూర్ దగ్గరి బటు గుహల గుడికి 272 మెట్లున్నాయంటే, ‘ఎక్కలేను గానీ, 42 మీటర్ల సుబ్రహ్మణ్యస్వామి కిందే నిలబడ్డాడుగా, అక్కడే దండం పెట్టుకుంటాను’ అంది. సియామ్ రీప్ విమానాశ్రయాన్ని 2023లో ఊరికి బాగా దూరంగా మార్చారని, రాత్రి దిగే విమానం కూడా వద్దనుకున్నాను. ఇంత చూసుకున్నవాణ్ని, నా పేరు దగ్గరే బోల్తా పడ్డాను.

ముగ్గురికి 1,14,000 మైళ్లు కావాలి. తక్కువైన 30,000 కోసం బ్యాంకు కార్డులోని 60,000 పాయింట్లు మార్చుకోవాలి. ఒకసారి మారిస్తే వెనక్కి రావు కదా అని సెప్టెంబర్ 4న ముందు మీకే ఫోన్ చేశాను. మా పేర్ల సంగతీ చెప్పాను. తెలుగువాళ్లం, ఇంటిపేరు ముందు రాసుకుంటాం. ఇక్కడి ఒడియా స్కూల్లో మాస్టారు దాన్ని చివర రాశారు, పాస్‌పోర్టులోనూ అలాగే వచ్చింది. మీ కార్డు మీద ఇంటిపేరు ముందుంది. బ్యాంకు కార్డు మీద ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే. ‘ఏం ఇబ్బంది లేదు సార్, 48 గంటల్లో పడిపోతాయి. మూడు సీట్లూ ఉన్నాయి’ అన్నారు మీ ప్రతినిధి. ఆ సాయంత్రమే మార్చాను. మధ్య టికెట్లూ కొనేశాను. అవి క్యాన్సిల్ చేస్తే పైసా తిరిగి రాదు.

పాయింట్లు బ్యాంకులో అప్పుడే కట్ అయ్యాయి. మీ దగ్గర మాత్రం పడలేదు. పేరు సరిపోలేదని ఆపారట. ఆ మాట కూడా మీ అంతట మీరు చెప్పలేదు, ఆరో రోజున నేను ఫోన్ చేస్తే తెలిసింది. పాస్‌పోర్టు కాపీ మూడుసార్లు పంపాను. సెప్టెంబర్ 15న మైళ్లు పడ్డాయి. అప్పటికి మిగిలింది ఒక్క సీటు. ‘నన్నొక్కదాన్నే పంపేయరా, స్వామే చూసుకుంటాడు’ అంది అమ్మ. ఇంట్లో అందరం నవ్వుకున్నాం గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆరేళ్లు మైళ్లు జమ చేసుకునేటప్పుడు మీకు అడ్డురాని పేరు, వాడుకుంటానంటే ఎందుకు అడ్డొచ్చింది? ఈ ప్రశ్నకు మీవాళ్లెవరూ జవాబివ్వలేదు. బదులుగా జనవరి తేదీలు చూపిస్తున్నారు. హోటళ్లలో నా గోల్డ్ హోదా డిసెంబర్ 31తో ముగుస్తుంది. ఉచిత టిఫినూ, సాయంత్రం దాకా గది ఉంచుకునే వీలూ ఆ హోదాతోనే. అందుకోసమే గదులు ఏజెంట్ దగ్గర కాకుండా హోటల్ వెబ్‌సైట్‌లోనే బుక్ చేశాను. జనవరిలో వెళితే అవేవీ ఉండవు. సంక్రాంతి ముందు కొట్టు వదిలి రావడం అసలే కుదరదు.

కాబట్టి డిసెంబర్‌లో నేనడిగిన తేదీలకే, అవే మైళ్లకు మూడు సీట్లు ఇప్పించండి. కుదరకపోతే 60,000 పాయింట్లు నా బ్యాంకు కార్డులో తిరిగి జమ అయ్యేలా చూసి, వృథా అయిన మధ్య టికెట్ల ఖర్చు 41,300 రూపాయలు ఇవ్వండి. ఎలాగైనా సరే, నా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇప్పుడే సరిచేయండి.

పదిహేను రోజులు చూస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ ఆఫీసున్న ఊరికి రానక్కర్లేదు. జవాబు ఈమెయిల్‌లోనే పంపండి, ఫోన్‌లో వద్దు. మీ ఫోన్ మాట నమ్మే ఇక్కడిదాకా వచ్చాను.

ఇట్లు,
మీ సభ్యుడు

జత: పాస్‌పోర్టు కాపీ (నాలుగోసారి), పాయింట్లు కట్ అయిన మెసేజ్, మధ్య టికెట్ల బిల్లులు